బొగ్గుకీ వానపాముకీ చుట్టరికం

గోదావరిఖని అనగానే బొగ్గు గనులు గుర్తుకొస్తాయి. రామగుండం అనగానే కరెంటు తయారుచేసే పొగగొట్టాలు గుర్తుకొస్తాయి. వానపాము ఎవరికీ గుర్తుకు రాదు. అలాంటి ఊళ్ల పేరు చెప్పి వానపాముల ఎరువు గురించి మాట్లాడడమేమిటి, ఇదేదో బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టుందే అని మీలో కొందరైనా అనుకుంటారు. అనుకోండి, తప్పులేదు. కాని ఈ రెంటికీ చాలా దగ్గర చుట్టరికం ఉంది. రెండూ రాలిన ఆకు కడుపున పుట్టినవే.

ఎలాగంటారా? చెట్టు మీంచి ఒక ఆకు రాలిందనుకోండి. గాలీ తడీ తగిలే చోట పడితే, కంటికి కనపడని సూక్ష్మజీవులూ, బూజులూ, వానపాములూ అన్నీ కలిసి కొన్ని నెలల్లో దాన్ని మట్టిలో కలిపేస్తాయి. అదే ఆకు గాలి చొరబడని బురదనీళ్లలో మునిగిపోయిందా, సరిగా చివకదు. దానిమీద మరో ఆకు, ఆపైన ఇసుక, ఒండ్రు పేరుకుంటూ పోయి, ఆ బరువుకీ లోపలి వేడికీ అణిగి అణిగి చివరికి బొగ్గవుతుంది. మన గోదావరి లోయలో బొగ్గు అలా ఏర్పడిందే. 25 కోట్ల ఏళ్లకు పైబడిన మాట అది. అప్పుడిక్కడ మామిడీ లేదు, వేపా లేదు. గ్లాసోప్టెరిస్ అని నాలుక ఆకారపు ఆకులున్న చెట్లు అడవులుగా ఉండేవి. ఆ ఆకుల అచ్చులు రాతిపొరల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, పురుగుకి అందకుండా పోయిన ఆకు బొగ్గు, పురుగు తిన్న ఆకు ఎరువు.

ఈ రెండు కథలూ 1871లో పక్కపక్కన నడిచాయి. ఆ ఏడాది ఖమ్మం ప్రాంతంలోని ఇల్లెందు దగ్గర భూగర్భ పరిశోధక శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ బొగ్గుని కనుగొన్నాడు. అదే ఏడాది నవంబరు చివర్లో, ఇంగ్లండులో లండనుకి దగ్గరగా ఉన్న డౌన్ అనే పల్లెలో చార్లెస్ డార్విన్ తన పొలానికి అడ్డంగా ఒక కందకం తవ్వించాడు. కోతి నుంచి మనిషి అంటూ మనం బళ్లో అరకొరగా విన్న డార్విన్ ఈయనే. ఆయన వెతికింది బొగ్గు కోసం కాదు, బంగారం కోసమూ కాదు. 29 ఏళ్ల క్రితం, 1842 డిసెంబరులో, ఆ పొలంలో ఒక చోట సుద్దముక్కలు చల్లించి పెట్టాడు. అవి ఏమయ్యాయో చూద్దామని తవ్వించాడు. చూస్తే, తెల్లటి గీత గీసినట్టు, నేలకు 7 అంగుళాల లోతున ఉన్నాయి! ఎవరూ పాతిపెట్టలేదు. వానపాములు కిందనుంచి మట్టి తిని, పైకొచ్చి విసర్జిస్తూ ఉంటే, పైనున్నవన్నీ మెల్లమెల్లగా కిందికి దిగిపోయాయన్నమాట.

ఆయనకీ ఆలోచన ఎలా వచ్చిందో చెబితే బొగ్గు ఊళ్ల వాళ్లకి సరదాగా ఉంటుంది. డార్విన్ మేనమామ జొసయా వెడ్జ్‌వుడ్ పొలంలో కొన్నేళ్ల కిందట సున్నమూ, బొగ్గు కాలగా మిగిలిన కిట్టమూ చల్లారు. అవి గడ్డి కింద కొన్ని అంగుళాల లోతుకి దిగిపోయి ఉండడం మేనమామ చూపించాడు. ఇది వానపాముల పనే అయ్యుంటుందన్నదీ ఆయనే. మేనల్లుడు దాన్ని పట్టుకుని 1837లో లండన్ భూగర్భ శాస్త్ర సంఘంలో ఒక వ్యాసం చదివాడు. ఆనాటి నుంచి చనిపోయే వరకూ, అంటే 40 ఏళ్లకు పైగా, మధ్యమధ్య ఎన్ని పెద్ద గ్రంథాలు రాసినా, వానపాముని మాత్రం మరవలేదు.

ఇంట్లో కుండీల్లో వానపాముల్ని పెంచాడు. ఈలలు ఊదించి చూశాడు, బసూన్ అనే పొడుగాటి ఊదుడు వాయిద్యం వాయింపించి చూశాడు. అవి కదల్లేదు. చెవులుంటే కదా వినడానికి! కాని కుండీని పియానో మీద పెట్టి మెట్టు నొక్కేసరికి గబుక్కున బొరియలోకి దూరిపోయాయి. శబ్దం వినపడక కాదు, అదురు తెలిసి. ఏ ఆకు ఇష్టం, ఏది అయిష్టం అని కూడా పరీక్ష పెట్టాడు. క్యారెట్ ఆకంటే వాటికి ప్రాణమట. ఘాటు వాసన కొట్టే ఆకుల్ని కొన్నింటిని ముట్టనే లేదు. అన్నం దగ్గర వంకలు పెట్టే పిల్లల్ని రోజూ చూసే మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఇంకొక సంగతి. పొలంలో వానపాములు ఏటా ఎంత మట్టి పైకి తెస్తాయో లెక్కకట్టడానికి ఎవరైనా రోజూ ఓపికగా ఆ విసర్జితాలు ఏరి, ఎండబెట్టి, తూచాలి. ఆ పని ఒక మహిళ చేసింది. లీత్ హిల్ ప్లేస్ అనే చోట రెండు చదరపు గజాల నేల ఎంచుకుని, 1870 అక్టోబరు నుంచి ఏడాది పాటు, ఎండనక వాననక ఏరింది. ఒక చోట ఎకరానికి ఏడున్నర టన్నుల లెక్క తేలింది, రెండో చోట 16 టన్నులు. తన పుస్తకంలో డార్విన్ ఆమె నిక్కచ్చితనాన్ని మెచ్చుకున్నాడు గాని పేరు రాయలేదు, ‘ఒక మహిళ’ అని ఊరుకున్నాడు. ఆ పుస్తకం 1881 అక్టోబరులో వచ్చింది. ఇంత చిన్న జీవి మీద ఎవరు కొంటారనుకున్నారో ఏమో, వేలకు వేలు అమ్ముడుపోయింది. మరుసటి ఏప్రిల్లో ఆయన కన్నుమూశాడు. అదే ఆయన ఆఖరి పుస్తకం.

సరే, అక్కడ అలా ఉంటే ఇక్కడ బొగ్గు కథ వడివడిగా నడిచింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి అనే పల్లె పేరే 1920లో కంపెనీకి పేరయ్యింది. బెల్లంపల్లి, కొత్తగూడెం అయ్యాక, 1960ల మొదట్లో గనులు రామగుండం వైపు వచ్చాయి. గోదావరి ఒడ్డున ఉండే ఆ పల్లెలు గోదావరిఖని అనే పట్నమయ్యాయి. ఇప్పుడు కంపెనీలో 51 వంతులు తెలంగాణ ప్రభుత్వానివి, 49 వంతులు కేంద్రానివి.

గని పక్కనే ఎరువుల ఫ్యాక్టరీ పెట్టాలన్న ఆలోచన మన దేశంలో కొత్తదేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే, 1951లో, బీహారు బొగ్గు గనుల ప్రాంతమైన సింద్రీలో ఎరువుల కర్మాగారం మొదలైంది. ఆ తోవలోనే రామగుండంలోనూ కట్టారు. ఎఫ్‌సీఐ అంటే ఆ ప్రాంతంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. 1980 నవంబరులో ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి దాదాపు 5 లక్షల టన్నుల యూరియా తియ్యాలని లెక్క.

బొగ్గు నుంచి యూరియా ఎలా వస్తుందని మీరడగొచ్చు. బొగ్గుని ఆవిరితో, ప్రాణవాయువుతో కలిపి విపరీతమైన వేడిలో వాయువుగా మారుస్తారు. అందులోంచి ఉదజని, అంటే హైడ్రోజన్, తీస్తారు. మన చుట్టూ ఉన్న గాలిలోని నత్రజనిని దానితో కలిపితే అమ్మోనియా. ఆ అమ్మోనియాని బొగ్గుపులుసు వాయువుతో కలిపితే యూరియా. అమ్మోనియా చేసే ఈ పద్ధతిని జర్మనీలో హేబర్ అనే శాస్త్రవేత్త కనిపెడితే, బాష్ అనే ఇంజనీరు 1913 నాటికి ఫ్యాక్టరీగా నిలబెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఇంతమందికి అన్నం దొరుకుతోందంటే ఈ పద్ధతికి అందులో పెద్ద భాగమే ఉంది. యూరియాని తిట్టిపొయ్యడం ఈమధ్య ఫ్యాషనయింది గాని, నేనా జట్టులో లేను.

కాని రామగుండంలో ఆ ఫ్యాక్టరీ అనుకున్నట్టు నడవలేదు. యంత్రాల ఇబ్బందులు, కరెంటు ఇబ్బందులు, నష్టాలు. 1999 మార్చి 31న మూసేశారు. పట్టుమని 19 ఏళ్లు కూడా నిండలేదు. ఆ కాలనీలో కాపురాలు పెట్టుకున్న ఇల్లాళ్లకి అదెంత దెబ్బో వేరే చెప్పాలా! 2021లో అదే చోట కొత్త ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12 లక్షల టన్నుల పైచిలుకు యూరియా దాని సామర్థ్యం. అయితే ఇది బొగ్గు మీద నడిచేది కాదు, గొట్టాల్లో వచ్చే సహజవాయువు మీద నడిచేది.

ఇప్పుడొక పోలిక చూడండి. 25 కోట్ల ఏళ్ల నాటి ఆకుని వందల అడుగుల కిందనుంచి పైకి తెచ్చి, భట్టీల్లో వేసి, ఎరువు చేసి పొలానికి పంపారు. అదే కాలంలో, అదే ఊళ్లో, నిన్న కోసుకొచ్చిన తోటకూర కాడల్ని లారీకెత్తి ఊరవతల పారబోశారు. ఆ కాడలు కూడా ఎరువే. అది రామగుండం తప్పేమీ కాదు, దేశంలో పట్నాలన్నీ చేసిందీ చేస్తున్నదీ అదే.

అంతకుముందు మన పల్లెల్లో ఈ పారబోత లేదు. ఇంటివెనక పెంటకుప్ప ఉండేది. పేడా, కసువూ, బూడిదా, కూరల తుక్కూ అన్నీ అందులోకే. వేసవిలో బండ్లకెత్తి పొలానికి తోలేవారు. చెరువు మట్టి తోలేవారు, గొర్రెల మందల్ని పొలంలో పడుకోబెట్టేవారు. పట్నం వచ్చాక గేదె పోయింది, పెరడు పోయింది, పెంటకుప్ప పోయింది. తుక్కు మాత్రం మిగిలింది. పైగా ప్లాస్టిక్కు వచ్చి చేరింది.

ఈ పెంటకుప్పనే శాస్త్రంగా మలిచింది మన దేశంలోనే. 1924లో ఇందూరులో పంటల పరిశోధనా సంస్థ పెట్టి, ఆల్బర్ట్ హోవర్డ్ ఆకూ అలమూ పేడా మట్టీ పొరలుగా పేర్చి, తిరగేస్తూ ఎరువు చేసే పద్ధతిని ఖాయం చేశాడు. యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో దానిమీద పుస్తకం రాశాడు. దాన్నే ఇందూరు పద్ధతి అంటారు. ఆయన భార్య గేబ్రియెల్ కూడా వృక్షశాస్త్రవేత్తే. కేంబ్రిడ్జిలో చదువుకుని, ప్రభుత్వంలో పెద్ద శాస్త్రవేత్తగా ఉద్యోగం చేసి, పాతికేళ్లు ఆయనతో సమంగా పనిచేసింది. పుస్తకం అచ్చులో చూడకుండానే 1930లో పోయింది. హోవర్డ్ పేరు తెలిసినవాళ్లలో ఆమె పేరు తెలిసినవాళ్లెందరు? తరవాత బెంగుళూరులో సి.ఎన్. ఆచార్య పట్నాల చెత్తని గోతుల్లో మాగబెట్టే పద్ధతి చెప్పాడు. అది 1939 నాటిది, బెంగుళూరు పద్ధతి.

ఈ పద్ధతుల్లో వానపాముకి పెద్దగా పనిలేదు. ఇందూరు కుప్ప బాగా వేడెక్కుతుంది, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ వేడిలో వానపాము బతకదు. దాన్ని వంటింటి తుక్కు దగ్గరికి తీసుకొచ్చిన కథలో ఇద్దరు ఆడవాళ్లున్నారు, ఇద్దరివీ వేర్వేరు ఖండాలు.

ఒకామె మేరీ ఆపెల్‌హాఫ్. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊరు, జీవశాస్త్రం చెప్పే పంతులమ్మ. అక్కడ చలికాలమంతా మంచు. పెరట్లో ఎరువు కుప్ప గడ్డకట్టుకుపోతుంది. మరి చెత్తనేం చెయ్యాలి? 1972లో ఆమె చేపల వేటకి ఎరగా అమ్మే ఎర్రటి వానపాముల్ని తెప్పించి, నేలమాళిగలో ఒక పెట్టెలో వేసి, వంటింటి తుక్కు పెట్టడం మొదలుపెట్టింది. బాగానే తిన్నాయి. పదేళ్లు అలా చేసి చూసి, 1982లో ‘నా చెత్తని వానపాములు తింటాయి’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాసింది. శాస్త్రవేత్తలు రాసిన లావుపాటి గ్రంథాలకంటే ఆ చిన్న పుస్తకమే ఎక్కువ ఇళ్లలోకి వెళ్లింది.

రెండో ఆవిడ మనకి దగ్గర. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ రాధా కాలే. తోటి పరిశోధకులతో కలిసి ఆమె కూడా అదే 1982లో ఒక వ్యాసం ప్రచురించింది. మన దేశపు వానపాముల్లోనే పెరియోనిక్స్ అనే జాతి చెత్తని ఎరువు చెయ్యడానికి పనికొస్తుందని అందులో చూపించారు. ఆ తరవాత రైతులకీ గృహిణులకీ ఈ పద్ధతి నేర్పడంలో ఎన్నో ఏళ్లు గడిపింది. 1998లో ఆమె రాసిన పుస్తకంలో వానపాముని సేంద్రియ వ్యవసాయపు సిండరెల్లా అంది. పొయ్యి దగ్గర బూడిదలో కూర్చుని ఇంటెడు చాకిరీ చేసే సవతి కూతురు సిండరెల్లా. పోలిక కుదిరింది కదూ? మద్రాసులో సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్, పూనాలో ఉదయ్ భవాల్కర్ కూడా ఆ రోజుల్లోనే ఈ పనిలో ఉన్నారు.

అన్నట్టు, ‘వర్మికంపోస్టు’ అనే మాట చూసి జంకకండి. లాటిన్‌లో ‘వర్మిస్’ అంటే పురుగు. మనం పాయసంలోకి తెచ్చే సేమ్యా పొట్లం మీద ‘వర్మిసెల్లి’ అని ఉంటుంది చూడండి, ఆ మాటా అక్కడిదే, చిన్నచిన్న పురుగులని అర్థం. అది తెలిశాక కూడా సేమ్యా పాయసం మానేసినవాళ్లని నేనెరుగను.

ఇక మన తెలుగు నేల మీద ఏం జరిగింది? రెండు చోట్ల సంగతి చెబుతాను. శంకర్‌పల్లి దగ్గర కొత్తపల్లి అనే చిన్న ఊరు ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1999 నుంచి అక్కడ వాన నీటిని నిలబెట్టే పనులు చేయించారు. ఆ పనుల్లో భాగంగా పొదుపు సంఘాల ఆడవాళ్లు వానపాముల ఎరువు తయారీ నేర్చుకున్నారు. పొలాల్లో దయ్యంలా పెరిగే వయ్యారిభామ మొక్కని పూతకి రాకముందే పీకి, దాన్ని కూడా ఎరువులోకి వేశారు. సొంత పొలానికి వాడుకోగా మిగిలింది అమ్ముకున్నారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి.

రెండోది సూర్యాపేట. అప్పట్లో నల్లగొండ జిల్లా, సుమారు లక్ష జనాభా, రోజుకి 30 టన్నులకు పైగా చెత్త. 2003లో మున్సిపల్ కమిషనరుగా ఖాదర్ సాహెబ్ వచ్చాడు. వీధి చెత్తకుండీలు తీయించేశాడు. కుండీ లేకపోతే చెత్త ఎక్కడ వేస్తారు? ఇంటి గుమ్మం దగ్గరికే బండి వస్తుంది, తడి చెత్త ఒక బుట్టలో, పొడి చెత్త ఒక బుట్టలో పెట్టి ఇవ్వాలి. తడిది వానపాముల షెడ్డుకి, పొడిది అమ్మకానికి. కొద్ది నెలల్లోనే కుండీల్లేని పట్నమని పేరొచ్చింది. ఇతర రాష్ట్రాల నుంచి కూడా అధికారులొచ్చి చూసిపోయారు.

అలా వచ్చి చూసినవాళ్లు తమ ఊళ్లలోనూ షెడ్లు కట్టించారు. రేకులు వేశారు, తొట్లు కట్టారు, బోర్డు పెట్టారు. అలాంటి వాటిలో చాలా చోట్ల ఇప్పుడు గడ్డి మొలుస్తోంది. కారణం పెద్ద శాస్త్రమేమీ కాదు. సూర్యాపేట నుంచి షెడ్డు నమూనా తెచ్చుకున్నారు గాని రెండు బుట్టల అలవాటు తెచ్చుకోలేదు. గాజుపెంకు, బ్లేడు, పాలకవరు, మందుబిళ్లల రేకు అన్నీ కలిసిన చెత్త తెచ్చి తొట్లో పోస్తే వానపాము ఏం చేస్తుంది పాపం! కలిసిపోయాక విడదీయడం మహా యంత్రానికీ కష్టమే. కలవకముందు వేరుగా పెట్టడం మాత్రం అరక్షణం పని. ఆ అరక్షణం మన వంటగట్టు దగ్గరుంది. కోట్ల ఖర్చుతో కట్టిన షెడ్డు నడవాలో మూలపడాలో, కత్తిపీట దగ్గర కూర్చున్న ఇల్లాలి చేతిలో ఉందంటే అతిశయోక్తి కాదు. ఆ సంగతి ఆమెతో చెప్పినవాళ్లు, ఆమెని అడిగినవాళ్లు తక్కువ.

కోర్టులు చెప్పాయి, చట్టాలు చెప్పాయి. అల్మిత్రా పటేల్ అనే మహిళ పట్నాల చెత్త గురించి 1996లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ కేసు నడుస్తుండగానే 2000లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. తడి చెత్తతో ఏం చెయ్యాలో చెప్పేటప్పుడు వానపాముల ఎరువుని పేరుపెట్టి రాశారు. 2016 నిబంధనలు ఇంట్లోనే తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరుచెయ్యాలన్నాయి. 2015లో హైదరాబాదులో ఇంటింటికీ ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట పంచడం మొదలుపెట్టారు. కొన్ని ఇళ్లలో వాటిలో బియ్యం పోసుకున్నారని నవ్వుకున్నాం గాని, ఎందుకిచ్చారో కూర్చుని విడమరిచి చెప్పి ఉంటే పోసుకుంటారా?

ఇప్పుడు గని ఊళ్లకి మళ్లీ వద్దాం. డార్విన్ చూసిన ఆ 7 అంగుళాల పైమట్టి గోదావరిఖని వైపు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు అందాలంటే ముందు పైనున్న మట్టినీ బండనీ అంతా ఎత్తి పక్కన పోస్తారు. అవి గుట్టలై నిలుచున్నాయి. అడుగునున్నది పైకి వస్తుంది, తరతరాలుగా ఆకూ పురుగూ కలిసి తయారుచేసిన పైమట్టిని విడిగా తీసి దాచకపోతే అడుగున పడిపోతుంది. ఆ గుట్టల మీద సింగరేణి వాళ్లు మొక్కలు నాటిస్తున్నారు. చెట్టు నిలబడాలంటే ఆ రాళ్లమట్టిలో మళ్లీ జీవం రావాలి, దానికి కావలసింది కుళ్లిన ఆకూ పేడా లాంటివే. యూరియా మొక్కకి నత్రజని ఇస్తుంది. నీళ్లు పట్టి ఉంచే మెత్తదనం మట్టికి ఇవ్వలేదు.

అలాగని ఎదురు గొప్పలూ చెప్పుకోవద్దు. యూరియాలో నత్రజని 46 వంతులు. వానపాముల ఎరువులో ఒకటి, ఒకటిన్నర, మహా అయితే రెండు వంతులు. 45 కిలోల యూరియా బస్తాలో ఉన్న నత్రజని కావాలంటే వానపాముల ఎరువు టన్నుకి పైగా తోలాలి. పదెకరాల పత్తి రైతుకి మన బాల్కనీ తొట్టి ఏ మూలకీ చాలదు. మన తులసికోటకి, కరివేపాకు చెట్టుకి, మేడ మీద నాలుగు కూరగాయ మొక్కలకి మాత్రం చాలినంత కంటే ఎక్కువే.

చెయ్యాలనుకునే వాళ్లకి పద్ధతి చెబుతాను. రెండడుగుల వెడల్పున్న మట్టి తొట్టి గాని, పాత ప్లాస్టిక్ టబ్బు గాని తీసుకోండి. అడుగున చిల్లులుండాలి. ముందు ఇటుక ముక్కలు, వాటిమీద కొబ్బరిపీచు, ఆపైన బాగా ఆరి పాతబడిన పేడ జానెడు మందాన వేసి తడపండి. పచ్చిపేడ వెయ్యొద్దు, వేడికి పురుగులు చస్తాయి. తరవాత వానపాముల్ని వదలాలి. వాన పడినప్పుడు పెరట్లో కనిపించే వానపాము ఇందుకు పనికిరాదు. దాని తిండి మట్టి, దాని ఇల్లు నేల లోపల. చెత్త తినే ఎర్రటి జాతులు వేరు. కృషి విజ్ఞాన కేంద్రాల్లోనూ, కొన్ని నర్సరీల్లోనూ దొరుకుతాయి. రోజుకి అరకిలో తొక్కలు వచ్చే ఇంటికి కిలో వానపాములు కావాలని ఆపెల్‌హాఫ్ లెక్క. తక్కువతో మొదలుపెట్టినా ఫరవాలేదు, పెరుగుతాయి. అప్పటిదాకా తిండి తగ్గించి వెయ్యాలి.

కూరగాయల తొక్కలు, ఆకుకూర కాడలు, వడకట్టిన టీ పొడి, వాడిన పూలు, నలిపిన గుడ్డు పెంకులు వెయ్యొచ్చు. కోసిన వెంటనే కాకుండా వేరే డబ్బాలో కొన్నాళ్లు మగ్గనిచ్చి వేస్తే త్వరగా తింటాయి. ఊరగాయ ముక్కలు, ఉప్పూ నూనె ఉన్న కూరలు, మాంసం, చేప ముళ్లు వద్దు. నిమ్మ, బత్తాయి తొక్కలు ఎక్కువైతే పులుపు. ఉల్లిపొట్టు కొంచెమైతే సరే. గని ఊళ్లలో ఒకప్పుడు ఇంటింటా బొగ్గు పొయ్యిలే ఉండేవి, ఇప్పటికీ కొన్నిచోట్ల ఉన్నాయి. ఆ బొగ్గు బూడిద మాత్రం తొట్లో వెయ్యకండి. పెంటకుప్పలో కట్టెల బూడిద కలిపిన అలవాటుతో కొందరు వేస్తారు. బొగ్గు బూడిద వేరు, అందులో మొక్కకీ మనకీ పడని లోహాలుంటాయి.

పైన తడి గోనెపట్ట కప్పండి. తడి ఎంతుండాలంటే, గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందున చెమ్మ తగలాలి, నీళ్లు కారకూడదు. కంపు కొట్టిందంటే తిండి ఎక్కువైందనో, నీళ్లెక్కువైనాయనో అర్థం. రెండు రోజులు ఏమీ వెయ్యకుండా, ఎండుటాకులు కలిపి కదిపితే సర్దుకుంటుంది. చీమలు రాకుండా తొట్టి కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టండి. కోళ్లూ ఎలకలూ కూడా దీనికి శత్రువులే.

అన్నిటికన్న పెద్ద శత్రువు మన వేసవి. రామగుండంలో మే నెల వచ్చిందంటే 45 డిగ్రీలు దాటడం మామూలే. తొట్టి లోపల 35 దాటితేనే వానపాములకి కష్టం. మేడ మీద రేకుల కింద పెట్టారా, ఒక్క మధ్యాహ్నంలో అన్నీ పోతాయి. స్నానాలగది గోడవారన గాని, మెట్ల కింద గాని నీడలోకి మార్చి, గోనెపట్ట రోజుకి రెండుసార్లు తడపాలి.

రెండు నెలలకల్లా పైన టీ పొడిలాంటి నల్లటి రవ్వ తయారవుతుంది. దానికి వాసన ఉండదు, ఉంటే తొలకరి మట్టి వాసనే. అప్పుడు మూడు నాలుగు రోజులు నీళ్లు ఆపేసి, కాగితం మీద శంకువులా కుప్ప పోయండి. వెలుతురు పడక వానపాములన్నీ అడుగుకి చేరతాయి. పైపైన ఎరువు తీసి జల్లించుకుని, అడుగున ఉన్నవాటిని మళ్లీ తొట్లోకి వదిలెయ్యాలి. ఒక కుండీకి రెండు గుప్పెళ్లు చాలు.

మొదలుపెట్టడానికి మంచి రోజులు దసరా తరవాత. వానలు వెనకపడతాయి, ఎండ ఇంకా ముదరదు. అప్పుడు పెట్టిన తొట్టి సంక్రాంతి నాటికి మొదటి ఎరువు ఇస్తుంది. వంకాయ, టమాటా నారు నాటుకునే వాళ్లకి అది సరిగ్గా సమయానికి అందుతుంది.